మోయాయ్ విగ్రహాల మీది చెక్కడాలను ముట్టుకోకుండా నమోదు చేయడం ఎలా

రాపా నుయ్ దీవి, అంటే ఈస్టర్ దీవి మోయాయ్‌ల ముఖాలు అందరికీ తెలుసు. అవే విగ్రహాల వీపుల మీద, ఛాతీల మీద, చెవుల వెనుక చెక్కిన పడవలు, పక్షిమానవులు, నడికట్లు మాత్రం అక్కడిదాకా వెళ్లినవాళ్లలో కూడా చాలామంది కంట పడవు. గీతల లోతు చాలాచోట్ల కొన్ని మిల్లీమీటర్లే. ఎదురుగా పడే వెలుతురులో అంత లోతుకు నీడ రాదు. నీడ రాకపోతే గీత లేనట్టే కనిపిస్తుంది. అందుకే ఈ పనిలో సగానికి పైగా వెలుతురు ఏ కోణంలో పడుతోందో చూసుకోవడమే ఉంటుంది.

దీవికి వెళ్లే ఫొటోగ్రాఫర్లకు, పురావస్తు విద్యార్థులకు, లండన్‌లో ఉంటూ బ్రిటిష్ మ్యూజియంలోని మోయాయ్‌ను తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు ఈ పద్ధతులు ఉపయోగపడతాయి. మన ఊళ్లలో అరిగిపోయిన వీరగల్లులను నమోదు చేసేవాళ్లు కూడా ఇందులోని కొలతలను దాదాపు యథాతథంగా వాడుకోవచ్చు.

ఏది మొదటి చెక్కడం, ఏది తర్వాతిది

దీవిలో 900కు పైగా మోయాయ్‌లు ఉన్నాయి. నూటికి 95 వరకు రానో రరాకు అగ్నిపర్వతం రాతితో చేసినవే. అగ్నిపర్వతపు బూడిద, చిన్న చిన్న రాతి తునకలు కలిసి గట్టిపడిన టఫ్ అది. బసాల్టు అంటే గట్టి నల్లటి అగ్నిపర్వత శిల; దానితో చేసిన టోకి అనే పనిముట్టుతో చెక్కేంత మెత్తన ఈ టఫ్. అంత మెత్తనిది కాబట్టే వానకూ గాలికీ కూడా తొందరగా అరుగుతుంది. బసాల్టుతో చేసిన విగ్రహాలు చాలా కొద్ది. టఫ్ మీద పాత గీత అంచు గుండ్రబడి, అడుగు గరుకుగా ఉంటుంది. బసాల్టు మీద అదే వయసు గీత అంచు ఇంకా స్పష్టంగా నిలుస్తుంది. అందువల్ల అంచు పదునును చూసి రెండు వేర్వేరు రాళ్ల మీది చెక్కడాల వయసు పోల్చకూడదు. ఒకే రాయి మీద, ఒకే ఎత్తులో, ఒకే దిక్కుకు ఉన్నవాటినే పోల్చాలి.

విగ్రహం దగ్గర నిలబడగానే మీరు చూస్తున్న గీత ఏ రకమో తేల్చుకోవాలి. చేతులు, పొడవాటి వేళ్లు, బొడ్డు, సాగిన చెవులు, వీపు కింది భాగంలో మారో అనే నడికట్టు, దానిపైన వలయం: ఇవి విగ్రహాన్ని తీర్చినప్పుడే వచ్చినవి. విగ్రహం నిలబెట్టిన తర్వాత వేరే చేతులు చెక్కినవి ఇంకో రకం. నెలవంక ఆకారపు పడవలు, స్త్రీ చిహ్నమైన కొమారి, తంగాత మను అనే పక్షిమానవుడు, అఓ అనే నాట్యపు తెడ్డు ఎక్కువగా ఈ రకంలోకి వస్తాయి. మూడోది టోకి దెబ్బలు. పూర్తికాని విగ్రహాల మీద ఇవి వరసగా, ఒకే వాలులో, పొట్టి పొట్టిగా కనిపిస్తాయి. వాటిలో బొమ్మ వెతకడం వృథా.

ఈ తేడా నేర్చుకోవడానికి హోవా హకననైయాను మించిన విగ్రహం లేదు. ఎత్తు 2.42 మీటర్లు, బసాల్టు. రానో కావ్ అగ్నిబిలం అంచున ఉన్న ఒరోంగో గ్రామంలో ఒక రాతి ఇంట్లో సగం దాకా పూడి ఉండగా, 1868లో టోపాజ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక సిబ్బంది బయటికి తీసి తీసుకుపోయారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం 24వ గదిలో ఉంది. ప్రవేశం ఉచితం, విగ్రహం చుట్టూ తిరగవచ్చు. వెనక్కి వెళ్లి కింది నుంచి పైకి చూడండి. నడుము దగ్గర వలయం, నడికట్టు పాత పొరవి. భుజాల నుంచి తల దాకా ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు పక్షిమానవులు, వాళ్ల పైన మధ్యలో ఒక పక్షి, చెవుల వెనుక అఓ, కొమారి గుర్తులు తర్వాత వచ్చిన పొరవి. పక్షిమానవుడి ఆచారానికి కేంద్రం ఒరోంగోనే. ఏటా మోటు నుయ్ అనే చిన్న దీవి నుంచి మనుతార పక్షి తొలి గుడ్డు తెచ్చినవాడి తరఫు పెద్ద ఆ ఏటికి తంగాత మను అయ్యేవాడు. ఈ ఆచారం 1860ల దాకా సాగింది. అంటే మోయాయ్‌లు నిలిపిన కాలపు విగ్రహం మీద ఆ తర్వాతి మతం తన గుర్తులు వేసింది. ఆ రెండు కాలాలు ఒకే రాతి మీద ఇంత విడివిడిగా కనిపించడం అరుదు.

ఈ విగ్రహం మీద ఒకప్పుడు ఎరుపు, తెలుపు రంగులు కూడా ఉండేవి. ఓడలోకి చేర్చేటప్పుడు అవి కడుక్కుపోయాయి. నీళ్లు చల్లితే గీతలు బాగా కనిపిస్తాయని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వెళ్లేముందు తేల్చుకోవాల్సినవి

దీవి చిలీ దేశానిది. 1935 నుంచి జాతీయ ఉద్యానవనం, 1995 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. ఉద్యానవనాన్ని స్థానిక రాపా నుయ్ ప్రజల సంస్థ మావు హెనువా నిర్వహిస్తోంది. మోయాయ్‌ను గానీ, అది నిలబడ్డ అహు వేదికను గానీ ముట్టుకోవడం, ఎక్కడం నేరం. గుర్తింపు పొందిన స్థానిక గైడు వెంట ఉండాలి. టికెట్టు 10 రోజులు చెల్లుతుంది కానీ రానో రరాకు, ఒరోంగో స్థలాలకు ఒక్కొక్కసారే ప్రవేశం ఇవ్వడం అక్కడి పద్ధతి. వెళ్లేముందు తాజా నియమాలు మళ్లీ చూసుకోండి. ఒక్కసారే వెళ్లనిస్తారు కాబట్టి ఏ గంటకు వెళ్తారన్నది ముందే లెక్క వేసుకుని ఉండాలి. ఆ లెక్క కింద ఇచ్చాం.

ట్రైపాడ్, ఫ్లాష్ స్టాండు, డ్రోన్ వాడే పనికి, బాట దాటి వెళ్లాల్సిన పనికి మామూలు టికెట్టు చాలదు. మావు హెనువా నుంచీ, చిలీ జాతీయ స్మారకాల మండలి నుంచీ ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. బ్రిటిష్ మ్యూజియంలో కూడా ట్రైపాడ్ పెట్టాలంటే అడగాల్సిందే. చేతిలో కెమెరాతో బాట మీద నుంచి చేయగలిగిన పని కూడా తక్కువేమీ కాదు. అందుకే ముందు దాని గురించి చెబుతాం.

చేయకూడని పనులు కొన్ని అనుమతి ఉన్నా చేయకూడనివే. సుద్దముక్కతో గీతలు నింపడం చాలా పాత అలవాటు. సుద్ద పొడి టఫ్ రంధ్రాల్లోకి దిగిందంటే ఇక వదలదు, పైగా గీసినవాడు ఏది గీత అనుకున్నాడో అదే తర్వాతి ఫొటోలన్నిటిలో గీతగా మిగిలిపోతుంది. నాచు, లైకెన్ గీకితే దాని వేళ్లతో పాటు రాయి పొర కూడా ఊడొస్తుంది. మన శాసనాలకు తీసే ఎస్టాంపేజి అలవాటు ఉన్నవాళ్లకు తడి కాగితం వేసి బ్రష్షుతో కొట్టాలనిపిస్తుంది. గట్టి గ్రానైటు మీద సాగే ఆ పద్ధతి ఈ మెత్తటి రాతి మీద ఒక్కసారికే నష్టం చేస్తుంది. విగ్రహం అడుగున మట్టిని కొంచెం కూడా పక్కకు జరపవద్దు. మట్టిలో కప్పబడి ఉన్న చెక్కడాలే ఈ దీవిలో అన్నిటికన్నా పదునుగా మిగిలాయి. రానో రరాకులో 156, 157 నంబర్ల విగ్రహాలను పరిశోధకులు తవ్వినప్పుడు వీపు మీది చెక్కడాలు అంత స్పష్టంగా బయటపడ్డాయంటే అవి భూమిలో ఉండిపోవడం వల్లనే.

ఎండ లెక్క

దీవి దక్షిణార్ధగోళంలో, 27 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మనకు సూర్యుడు ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం వైపు నుంచి పోతే అక్కడ ఉత్తరం వైపు నుంచి పోతాడు. ఇది మరిచిపోయి ఇక్కడి అలవాటుతో వెళ్తే రోజంతా తప్పు పక్కన నిలబడతారు.

ఇంకో చిక్కు గడియారం. అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుకు కాదు. వేసవి సమయం అమల్లో ఉండే డిసెంబరు నెలల్లో మధ్యాహ్నం సుమారు 2:15కు, జూన్ నెలల్లో సుమారు 1:20కి. కింద చెప్పే గంటలన్నీ ఈ గడియారం ప్రకారమే.

ఏటవాలు వెలుతురు ఎంత వాలుగా ఉండాలన్నది నీడ పొడవు చెబుతుంది. చెక్కడం 2 మి.మీ. ఎత్తుగా లేచి ఉంటే, రాతి ముఖానికి 45 డిగ్రీల కోణంలో పడే వెలుతురుకు నీడ 2 మి.మీ. 10 డిగ్రీలకు 11 మి.మీ. 5 డిగ్రీలకు దాదాపు 23 మి.మీ. 10 నుంచి 20 డిగ్రీల మధ్య పనికి అనువైనది. 5 కన్నా తగ్గితే ఒక గీత నీడ పక్క గీతను మింగేస్తుంది, టఫ్‌లోని ప్రతి తునకా కొండలా లేచి కనిపిస్తుంది.

అనాకేనా తీరంలోని అహు నావ్ నావ్‌ను తీసుకుందాం. ఇసుకలో పూడి ఉండడం వల్ల అక్కడి మోయాయ్‌ల వీపు మీది నడికట్లు చక్కగా నిలిచాయి. 1978లో వాటిని మళ్లీ నిలబెట్టారు. ఉత్తర తీరం, విగ్రహాలు లోపలి వైపు చూస్తాయి కాబట్టి వీపులు సముద్రం వైపు, సుమారు ఉత్తరానికి ఉంటాయి. నిట్టనిలువు ఉత్తర ముఖం అనుకుని లెక్క వేస్తే మార్చి, సెప్టెంబరు నెలల్లో సూర్యోదయం నుంచి మొదటి రెండు గంటలు ఎండ 0 నుంచి 13 డిగ్రీల కోణంలో పక్క నుంచి పడుతుంది. జూన్‌లో సూర్యుడు ఉదయించేటప్పటికే కోణం 26 డిగ్రీలు దాటి ఉంటుంది, రోజు మొత్తంలో అంతకన్నా తగ్గదు. అంటే వీపు ఫొటోలకు జూన్ అంత మంచిది కాదు. డిసెంబరులో మాత్రం 2:15 ప్రాంతంలో సూర్యుడు 86 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఉత్తర ముఖం మీద వెలుతురు పైనుంచి కిందికి దాదాపు 4 డిగ్రీల కోణంలో జారుతుంది. అప్పుడు నడికట్టు అడ్డగీతలు ఉబికినట్టు కనిపిస్తాయి, నిలువు గీతలు మాయమవుతాయి. అరగంట అటూ ఇటూ వేచి ఉన్నా కోణం పెరగదు, ఇంకొద్దిగా తగ్గుతుంది.

దక్షిణానికి తిరిగిన ముఖాల సంగతి దీనికి తలకిందులు. రానో రరాకు బయటి వాలు మీద ఉన్న విగ్రహాల్లో చాలావాటి ఛాతీలు సుమారుగా ఆ వైపుకే ఉంటాయి. జూన్‌లో నిట్టనిలువు దక్షిణ ముఖానికి నేరు ఎండ అసలు తగలదు. డిసెంబరు చివర్లో అయితే ఉదయం తగిలే ఎండ కోణం మెల్లమెల్లగా తగ్గుతూ మధ్యాహ్నం 12 గంటల సమయానికి రాతిని రాసుకుంటూ పోతుంది. సుమారు 4:30 తర్వాత మళ్లీ అవతలి పక్క నుంచి మొదలవుతుంది. ఉదయం 10 ప్రాంతంలో తూర్పు పక్క నుంచి, 5:30 తర్వాత పడమర పక్క నుంచి రెండు వరసల ఫొటోలు తీయగలిగితే ఒకే ప్రవేశంలో రెండు దిక్కుల నీడలూ దొరుకుతాయి. మధ్యలో ఉన్న సమయాన్ని అగ్నిబిలం లోపలి వైపు వెచ్చించండి.

విగ్రహాలు వాలి ఉంటాయి, దిక్కు ఖచ్చితంగా ఉండదు. కాబట్టి ఒక్కో ముఖం ఎటు తిరిగి ఉందో కొలుచుకోండి. దిక్సూచిని విగ్రహానికి ఆనుకుని చూడవద్దు. అగ్నిపర్వతపు రాళ్లలోని ఇనుప ఖనిజాలు సూదిని లాగుతాయి. నాలుగైదు మీటర్ల దూరంలో రెండు మూడు చోట్ల చూసి సరిపోల్చండి, లేదా ఫోన్‌లో సూర్యుడి దిక్కు చూపే యాప్‌తో నీడ దిశను బట్టి లెక్కించండి.

బాట మీద నుంచి తీసేటప్పుడు 70–200 మి.మీ. లెన్సు సరిపోతుంది. రా ఫార్మాట్, ఎఫ్ 8, అతి తక్కువ ఐఎస్ఓ. ఫోన్‌తో తీస్తే హెచ్‌డీఆర్ ఆపేయండి. అది నీడలను ఎత్తేసి మీరు ఎండలో వెతికిన నీడనే చెరిపేస్తుంది. షార్పెనింగు, ఏఐ నాయిస్ తగ్గింపు ఇంకా ప్రమాదం. లేని అంచును ఉన్నట్టు చూపిస్తాయి.

ఫ్లాష్‌తో తీయడం, ఆర్‌టీఐ

ఎండ ఒక సమయానికి ఒక దిక్కు నుంచే వస్తుంది. దాని దారికి సమాంతరంగా ఉన్న గీత కనిపించదు. అన్ని దిక్కుల నుంచీ వెలుతురు వేసి, తర్వాత కంప్యూటర్లో దాన్ని ఇష్టం వచ్చిన వైపు తిప్పుకునే పద్ధతి రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్, పొట్టిగా ఆర్‌టీఐ. దీని మూలం హెచ్‌పీ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో ప్రకటించిన పద్ధతి. 2012లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం బృందం హోవా హకననైయా వీపును ఆర్‌టీఐతోనూ, చాలా ఫొటోలను కలిపి 3డీ మోడల్ కట్టే ఫొటోగ్రామెట్రీతోనూ నమోదు చేసింది. రెండు పక్షిమానవుల ముక్కులూ పొడవుగా, మొనదేలి ఉంటాయని అంతకుముందు గీసిన బొమ్మలు చూపేవి. కుడివైపు ఉన్నదాని ముక్కు నిజానికి పొట్టిగా, గుండ్రంగా ఉందని అప్పుడు తేలింది. అంతకాలం మ్యూజియంలో అందరి కళ్ల ముందు ఉన్న రాయే అది.

ఒక చెక్కడం చుట్టూ 1.2 మీటర్ల వెడల్పు, 0.8 మీటర్ల ఎత్తు ఉన్న ప్రాంతాన్ని తీయాలనుకోండి. కెమెరా వెడల్పున 6000 పిక్సెళ్లు అనుకుంటే మిల్లీమీటరుకు 5 పిక్సెళ్లు వస్తాయి. వెలుతురు దిశ తెలుసుకోవడానికి ఫ్రేములో రెండు మెరిసే నల్లటి బంతులు ఉండాలి, ఒక్కోటి ఫొటోలో సుమారు 250 పిక్సెళ్ల వ్యాసం ఉండాలి. 52.5 మి.మీ. ఉండే స్నూకర్ నల్ల బంతి ఇక్కడ 262 పిక్సెళ్లు వస్తుంది, అచ్చంగా సరిపోతుంది. క్రమం ఇది:

1. సాయంత్రం వెలుగు తగ్గాక మొదలుపెట్టండి. పట్టపగలు అయితే ఎండ ఫ్లాష్‌ను మింగేస్తుంది. ఫ్లాష్ లేకుండా అదే సెట్టింగుతో ఒక ఫొటో తీసి చూడండి. అది దాదాపు నల్లగా రావాలి.
2. కెమెరాను రాతి ముఖానికి ఎదురుగా, లంబంగా ట్రైపాడ్ మీద బిగించండి. గాలి ఎప్పుడూ ఉండే దీవి అది. ట్రైపాడ్ మధ్యలో బరువు వేలాడదీయండి, కానీ అది ఊగకుండా నేలకు తగిలేలా చూడండి.
3. బంతులను వేరే స్టాండుకు తగిలించి ఫ్రేము అంచుల్లో, రాతి ముఖం ఉన్న దూరంలోనే నిలపండి. రాయికి ఆనకూడదు, జిగురుతో అంటించకూడదు.
4. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్. ఎఫ్ 8 నుంచి 11, ఐఎస్ఓ 100. షట్టర్ రిమోటుతో నొక్కండి.
5. వెలుతురు దూరం ఫ్రేము కర్ణానికి కనీసం రెండింతలు ఉండాలి. ఇక్కడ కర్ణం 1.44 మీటర్లు, కాబట్టి ఫ్లాష్ 3 మీటర్ల దూరంలో. ప్రతి ఫొటోకూ అదే దూరం రావడానికి 3 మీటర్ల తాడు కట్టుకోండి. ఒక సహాయకుడు తాడు కొసను రాయికి తగలకుండా చెక్కడం మధ్యకు ఎదురుగా పట్టుకుంటాడు, ఫ్లాష్ పట్టినవాడు తాడు బిగువయ్యే దాకా వెనక్కి వెళ్తాడు, తాడు వదిలేశాకే క్లిక్.
6. రాతి ముఖం నుంచి 15, 30, 45, 60 డిగ్రీల కోణాల్లో, గడియారపు అంకెల దిశల్లో ఒక్కోటి చొప్పున 48 ఫొటోలు. నేల అడ్డొచ్చే కింది దిశలు కొన్ని పోయినా 36 మిగులుతాయి, చాలు.

ఈ పనిలో జరిగే తప్పుల్లో ఎక్కువభాగం కెమెరా కదలడమే. ఫొటోలన్నీ వేగంగా ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూస్తే కదిలిన చోట బొమ్మ ఎగిరినట్టు కనిపిస్తుంది. విగ్రహం దగ్గర ఉండగానే చూసుకోండి, బసకు వెళ్లాక తెలిస్తే ఏం లాభం లేదు. ఫ్లాష్ పట్టినవాడి నీడ బంతి మీద పడటం, లెన్సు వంకర సరిచేసే సెట్టింగు కొన్ని ఫొటోలకు పెట్టి కొన్నిటికి మరిచిపోవడం కూడా తరచూ జరుగుతాయి.

ఫొటోలను ఆర్‌టీఐ బిల్డర్ లేదా రీలైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ఫైలు తయారవుతుంది. చూసేటప్పుడు మామూలు రంగులతో మొదలుపెట్టి, తర్వాత రంగులు తీసేసి మెరుపు పెంచే స్పెక్యులర్ మోడ్‌కు వెళ్లండి. రాతి మీది మరకలు, లైకెన్ తెల్లమచ్చలు రంగు మాత్రమే కాబట్టి ఆ మోడ్‌లో చాలావరకు కరిగిపోతాయి, లోతు ఉన్న గీత నిలుస్తుంది.

ఫొటోగ్రామెట్రీ

ఆర్‌టీఐ ఒక ముఖాన్ని చదవడానికి. విగ్రహం మొత్తం మీద చెక్కడం ఎక్కడ ఉందో, ఎంత లోతుందో కొలవడానికి ఫొటోగ్రామెట్రీ కావాలి. ఇక్కడ వెలుతురు నియమం తిరగబడుతుంది: మబ్బు పట్టిన రోజు మంచిది. ఎండ ఉంటే గంటసేపు తీసే ఫొటోల్లో నీడలు జరిగిపోతాయి, మోడల్‌లో లేని మడతలు పుడతాయి.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 35 మి.మీ. ఫిక్సెడ్ లెన్సు, రాతి నుంచి 1.5 మీటర్లు: ఒక్కో పిక్సెల్ రాతి మీద పావు మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరు లోతు గీతకు కూడా ఇది సరిపోతుంది. పక్కపక్క ఫొటోలు 70 నుంచి 80 శాతం ఒకదాని మీద ఒకటి పడాలి. మోకాలి ఎత్తు, ఛాతీ ఎత్తు, తల పైన: మూడు ఎత్తుల్లో చుట్టూ తిరగండి. స్కేలు కడ్డీలు కనీసం రెండు, నేల మీదే పెట్టండి. ఒకదానితో మోడల్‌కు కొలత ఇచ్చి, రెండోదాని పొడవును మోడల్‌లో కొలవండి. తేడా వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగింది. విగ్రహానికి దగ్గరగా తిరగడానికి అనుమతి లేనివాళ్లు బాట మీద నుంచి పొడవాటి లెన్సుతో తీసినా మోడల్ వస్తుంది, కానీ వెనకవైపు ఖాళీ మిగులుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని తనంతట తాను పూడ్చే సెట్టింగును ఆపేయండి.

మోడల్ వచ్చాక దాన్ని 3డీ మోడళ్లను కొలిచే క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వీపు వంపుకు సరిపడే నున్నటి ఉపరితలాన్ని అమర్చి, అసలు రాయి దానికన్నా ఎంత లోపలికి, ఎంత బయటికి ఉందో రంగుల్లో చూపించండి. మైనస్ 5 నుంచి ప్లస్ 5 మి.మీ. వరకు పరిధి పెడితే చాలావరకు చెక్కడాలు ఒక్కసారిగా తేలతాయి. మెష్‌ల్యాబ్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోని రేడియన్స్ స్కేలింగ్ అనే షేడర్ (ఉపరితలపు వెలుగునీడలను మార్చి చూపే సెట్టింగు) కూడా ఇదే పని కంటికి తేలిగ్గా చేస్తుంది.

కంటిని మోసం చేసేవి

టఫ్‌లో గట్టి తునకలు ఊడిపోయిన చోట గుంటలు మిగులుతాయి. చేత్తో తొలిచిన గుంటలని పొరబడటం తేలిక. తునక ఊడిన గుంట అంచు కోసుగా, ఆకారం ఎలా పడితే అలా ఉంటుంది, చుట్టుపక్కల ఇంకా ఊడని తునకలు కనిపిస్తాయి. తొలిచిన గుంట గిన్నెలా గుండ్రంగా ఉంటుంది, చాలాసార్లు వరసలోనో జతగానో ఉంటుంది. వాన నీరు ఏళ్ల తరబడి జారిన చోట నిలువు కాలువలు పడతాయి. అవి పైన సన్నగా మొదలై కింద వెడల్పవుతాయి, ఏ బొమ్మ అంచు దగ్గరా ఆగవు.

లోతు, ఎత్తు తారుమారై కనిపించడం ఇంకో మోసం. వెలుతురు కింది నుంచి పడిన ఫొటోలో చెక్కిన గీత ఉబికినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే వెలుతురు పైనుంచే వస్తుందని మన మెదడు అనుకుంటుంది. ప్రచురించే ఫొటోలో వెలుతురు పై ఎడమ మూల నుంచి ఉండేలా ఎంచుకోండి. వీలుకాకపోతే వెలుతురు దిక్కును బాణం గుర్తుతో చూపండి.

గీయడం, పొరలు చదవడం

చివరి నకలు ఫొటో ఒక్కటే అయితే చదివేవాడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. గీత నకలు తప్పకుండా గీయండి. మోడల్ నుంచి తీసిన కొలతల చిత్రాన్ని కింద పెట్టి, ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు పొరల్లో గీయాలి. రెండు కన్నా ఎక్కువ దిక్కుల వెలుతురులో కనిపించిన గీతను నిండుగా, ఒకే దిక్కులో కనిపించినదాన్ని చుక్కల గీతగా, రాతి పగుళ్లను బూడిద రంగులో. ఇద్దరు విడివిడిగా గీసి తర్వాత పోల్చడం అన్నిటికన్నా మంచి అలవాటు. ఇద్దరూ ఒప్పుకోని చోట చుక్కల గీతే ఉండాలి.

రెండు గీతలు కలిసే చోట ఏది తర్వాతిదో తెలుస్తుంది. కూడలిలో ఏ గీత అడుగు తెగకుండా అవతలికి సాగిందో, ఏ గీత అంచు తెగిపోయిందో చూడండి. తెగినది ముందుది. దీనికి 10 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే కనిపించేలా దగ్గరి ఆర్‌టీఐ ఇంకొకటి తీస్తే అనుమానం తీరుతుంది. రెండు గీతలూ ఒకే లోతులో ఉండి, ఒకే తీరుగా అరిగి ఉంటే వరస తేలదు. అప్పుడు తేలలేదనే రాయండి.

వర్ణనను, అర్థాన్ని వేరే గడుల్లో రాయడం తప్పనిసరి. రానో రరాకులో ఒక మోయాయ్ ఛాతీ మీద మూడు తెరచాపకొయ్యల ఓడ ఉంది, దాని నుంచి కిందికి ఒక గీత దిగి ఒక గుండ్రటి ఆకారం దగ్గర ముగుస్తుంది. ఆ గుండ్రటిది తాబేలు అన్నవాళ్లు ఉన్నారు, లంగరు అన్నవాళ్లు ఉన్నారు. ఓడ యూరోపియన్లదని ఎక్కువమంది అంటే, రెల్లు పడవ అని నార్వే అన్వేషకుడు థోర్ హెయర్‌డాల్ వాదించాడు. ఇది యూరోపియన్ ఓడే అయితే 1722లో డచ్చి నావికుడు రోగవీన్ వచ్చిన తర్వాతే చెక్కి ఉండాలి. ఆ తేదీ నిలబడేది కొయ్యల లెక్క, పొట్ట ఆకారం, తాళ్ల గీతలు నమోదులో సరిగ్గా ఉన్నప్పుడే. "ఓడ" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఆ వాదనను తర్వాత ఎవరూ పరీక్షించలేరు.

నమోదు పత్రంలో విగ్రహం నంబరు, ముఖం ఏ దిక్కుకు ఉందో డిగ్రీల్లో, నేల నుంచి చెక్కడం ఎత్తు, గీత వెడల్పు, లోతు, కొట్టి చేసినదా గీసినదా ఉబ్బెత్తు చెక్కడమా, ఏ గీత మీద ఏ గీత ఉంది, రాతి స్థితి, ఫొటోల నంబర్లు ఉండాలి. ఎడమ, కుడి అన్నవి ఎప్పుడూ విగ్రహానివే. ఎదురుగా నిలబడి చూస్తే విగ్రహం కుడి చెయ్యి మీకు ఎడమ పక్కన ఉంటుంది, వీపు వైపు నుంచి చూస్తే మీ కుడి పక్కనే ఉంటుంది. పాత రాతల్లో ఈ తికమక వల్ల ఒకే చెక్కడం రెండు చెవులకూ ఎక్కిన సందర్భాలు దొరుకుతాయి, కాబట్టి పత్రం పైభాగంలోనే ఈ నియమం అచ్చు వేసి పెట్టుకోండి.

రా ఫైళ్లు, ఆర్‌టీఐ, మోడల్, గీత నకలు, పత్రం అన్నీ విగ్రహం నంబరు, ముఖం, తేదీ వచ్చే పేరుతో ఒకే ఫోల్డరులో పెట్టండి. ఒక పూర్తి ప్రతిని దీవి వదిలే ముందే మావు హెనువాకు ఇవ్వండి, అనుమతి పత్రంలో అడిగారా లేదా అన్నది చూడకుండా. 2022 అక్టోబరులో రానో రరాకులో చెలరేగిన మంట చాలా విగ్రహాలను దెబ్బతీసింది. అలాంటప్పుడు రాతి ముఖం అంతకుముందు ఎలా ఉండేదో మిల్లీమీటర్లలో చూపగలిగే నమోదు అక్కడివాళ్ల చేతిలో ఉంటేనే ఏం పోయిందో తెలుస్తుంది.